పురుగు చెప్పిన సాక్ష్యం

తుగ్యానీ వచ్చిపోయిన మూడో నెల.
ఛత్తాబజార్ గోడల మీద
మూసీ గీసిన మట్టిగీత ఇంకా చెరగలేదు,
నా తలకి పైన, నానమ్మ తలకి పైన,
నిలబడ్డ ఒంటె మూపు దాకా.

కోల్సావాడిలో మా ఇల్లు పోయింది.
జాగా మిగిలింది. నాలుగు పునాది రాళ్లు,
మూత లేని సుర్మాదాని.
దాని మీదా అప్పుందన్నాడు గుత్తేదారు వెంకోబరావు.
మూడు వందల హాలీ సిక్కాలు,
తాత బతికున్నప్పుడే తెచ్చాడట,
నానమ్మ వేలిముద్ర వేసిందట,
ఇదిగో ఖాతా పుస్తకం, మూడ్రోజులు నీళ్లలో నానింది,
మూసమ్మే సాక్షి అన్నాడు.

"ముద్ర నాదే," అంది నానమ్మ నెమ్మదిగా,
"కానీ వేసింది బియ్యం పంచిన రోజున,
ఉత్త కాగితం మీద."
అమీన్‌సాబ్ మట్టిరంగు పేజీ చూసి తలూపాడు.
వరదలో తడిసిన కాగితాన్ని
ఆ రోజుల్లో ఎవరూ అనుమానించేవారు కాదు.
దాన్ని చూస్తే పోయినవాళ్లు గుర్తొచ్చేవాళ్లు.

అండాలు అనుమానించింది.
పన్నెండేళ్లది. జిల్ద్‌సాజ్ నర్సిములు మనవరాలు.
గోళ్ల సందుల్లో ఎప్పుడూ మైదా జిగురు.
"సుభాన్, ఆ పుస్తకం నాకొక్క గడియ ఇప్పియ్యి" అంది.
ఇప్పించడానికి నేనెవర్ని?
కచేరీ చప్రాసీకి నా ఎర్ర గాలిపటం,
చరఖాతో సహా మాంజా అంతా సమర్పించుకున్నా.

వసారాలో కూర్చుని అది చదవలేదు.
ఒక్కో కాగితం ఎండకి ఎత్తి పట్టింది.
"చదువవా?"
"చదివితే రాసినోడు చెప్పిందే ఇనాలె.
కాగితం ఏం చెప్తదో సూడనియ్యి."

నువ్వుగింజంత చిల్లులు. వాటిలోంచి ఎండ
దాని బుగ్గ మీద చుక్కలు పెట్టింది.
ముప్పై తొమ్మిదో కాగితం, చిల్లు.
నలభయ్యోది, చిల్లు.
నలభై ఒకటి, చీకటి.
నలభై రెండులో మళ్లీ అదే చోట చిల్లు.

"పురుగు తినుకుంటనే పోతది సుభాన్.
నడుమ ఒక కాగితాన్ని ఇడిశి
అవతలిది తినాలంటే దానికి రెక్కలుండాలె.
పురుగు తిన్నంక కుట్టిన్రు దీన్ని.
కుట్టి, బురద పూసిన్రు."

నేను ఎగిరి గంతేశాను.
అది వేయలేదు. పుస్తకం వెన్ను వంచి
దారం చూసింది, ముడి చూసింది.
దాని ముఖం తడిసిన అట్టలా వంగిపోయింది.
"ఏమైంది?"
"ఏం గాలే."

ఇంటికొచ్చాక తట్టింది నాకు.
ఆ ముడి ఎడమకు తిరిగి ఉంది.
బజారు మొత్తంలో ఎడమచేత్తో కుట్టేది ఒక్కడే.
కుడి బొటనవేలు అచ్చుయంత్రంలో నలిగిన
నర్సిములు తాత.

మర్నాడు కచేరీలో అండాలు
పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పింది.
అమీన్‌సాబ్ వేపపుల్లతో
చిల్లులు తనే లెక్కపెట్టుకున్నాడు, రెండుసార్లు.
వెంకోబరావు నవ్వాడు.
"మంచిది. కుట్టిందెవరో చెప్పు మరి, పిల్లా."

అండాలు పాదాలకేసి చూసింది.
గోడగడియారం టిక్కుటిక్కుమంది.
నాకు తెలుసు. నేనూ చెప్పలేదు.
చెబితే మా జాగా మాది. అయినా చెప్పలేదు.

వెనకనుంచి దగ్గు వినిపించింది.
"నేనే కుట్టిన దొరా.
రెండు రూపాయలిచ్చిండు. ఇంట్ల గింజ లేకుండె.
ఏం కాగితమని అడగలే.
అడుగుతే కుట్టలేనని ఎర్కే."
చెప్పుల్లేని కాళ్లతో ముందుకొచ్చి
రెండు నాణేలు బల్ల మీద పెట్టాడు.
ఒకదానికింకా జిగురంటుకుని ఉంది.
ఆకలి మూడు నెలల్లోనూ ఆయన వాటిని
ఖర్చు పెట్టలేదు.

సాయంత్రం మేం మా పునాది రాళ్ల మీద కూర్చున్నాం.
"ముడి చూసిననాడే తాతను అడగకపోయినవా?"
"అడగలే. రాత్రి ఆ పుస్తకం సంగతంతా చెప్పిన,
ముడి ముచ్చట తప్ప."
అంతకు మించి ఏమీ అనలేదు.

నది అవతల చప్రాసీ కొడుకు
నా ఎర్ర గాలిపటం ఎగరేస్తున్నాడు.
అండాలు కళ్లు చికిలించి చూసింది.
"సుభాన్, దానికి రెండు చిల్లులున్నయ్.
ఒకటి నువ్వు ఇచ్చిననాడు లేకుండె."